గుమ్మం దగ్గరి మాట

ప్రయోగంలో దయ దొర్లితే దాన్ని తప్పు కింద వేయాలా, ఫలితం కింద వేయాలా? మనస్తత్వశాస్త్రం చెప్పి చెప్పి ఉద్యోగం దిగిపోయి పదేళ్లయింది, నాకింకా తెలియదు.

మా విభాగంలో అటెండరుగా చేసిన ఆవిడను అందరూ పెద్దమ్మ అనేవారు. "ముప్పయ్యేళ్లకే పెద్దమ్మను చేసేశారు, ఇక ముసలిదాన్నయ్యే పని తప్పింది" అనేది. ప్రయోగానికి వచ్చినవాళ్లను కూర్చోబెట్టి, సూచనల కాగితం చదివి వినిపించి లోపలికి పంపడం ఆమె పని.

నాకు పేరు తెచ్చింది ఒకే ఒక్క ప్రయోగం. ఇరవై మాటలు వినిపించి తిరిగి చెప్పమంటే, అరవై దాటినవాళ్లూ కుర్రవాళ్లతో సమానంగా చెప్పారు. పాతికేళ్ల తర్వాత నా శిష్యురాలు దాన్నే, ఆ సూచనల కాగితంతో సహా, కంప్యూటరు మీద మళ్లీ చేసింది. పెద్దవాళ్లు వెనకబడ్డారు. రెండోసారీ అంతే. నా పేరుకే ఎసరు వచ్చిందని అన్నం సయించలేదు.

శిష్యురాలు నన్నూ వెంటబెట్టుకుని వెళ్లి పెద్దమ్మను అడిగింది. "అప్పట్లో వాళ్లను పంపేటప్పుడు ఏమైనా అనేదానివా?"

"ఏమంటాను తల్లీ. కాగితంలో 'జ్ఞాపకశక్తి పరీక్ష' అని ఉండేది. ఆ మాట వింటే పెద్దవాళ్ల మొహాలు పాలిపోయేవి. పరీక్షా లేదు పాడూ లేదు, మా సారుకి కాస్త సాయం చేసిపెట్టండి అనేదాన్ని." నావైపు తిరిగింది. "మీ కష్టమంతా నీళ్లపాలు చేశానా సార్?"



శిష్యురాలు మాత్రం ఉత్సాహంగా ఉంది. "మన శాస్త్రం ఇక వెళ్లాల్సింది ఇటే సార్. గదిలో జరిగిందే కాదు, గుమ్మం దగ్గర అన్నదీ రాయాలి. ఎవరైనా మళ్లీ చేసి చూసుకునేలా అన్నీ బయటపెట్టాలి."

మళ్లీ ప్రయోగం పెట్టాం. ఈసారి అందరూ పెద్దవాళ్లే. సగంమందికి కాగితంలో 'పరీక్ష' అని, సగంమందికి 'సాయం' అని. చదివేది పెద్దమ్మే, అదనంగా ఒక్క ముక్క అనకూడదు. ఆమె ఉద్యోగంలో మిగిలింది ఆ వారమే. 'పరీక్ష' దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గించేసేది. "ఒకేలా చదవవే పెద్దమ్మా" అని శిష్యురాలు బతిమాలేది.

చివరి రోజు, చివరగా వచ్చిన ముసలావిడకు 'పరీక్ష' పడింది. "తప్పు చెబితే మావాళ్లకి చెప్పేస్తారా అమ్మా?" అని అడిగింది.

పెద్దమ్మ నావైపు చూసింది. నేను కాగితాల్లోకి చూశాను.

"ఎవరికీ చెప్పరు. మీరు హాయిగా కూర్చోండి" అంది పెద్దమ్మ. ఆవిడను లోపల కూర్చోబెట్టి వచ్చి, శిష్యురాలితో, "ఈవిడ లెక్క కొట్టెయ్ తల్లీ. మాట ఎక్కువ అనేశాను" అని చెప్పింది.

కొట్టేశాం. సాయంత్రానికి లెక్క తేలింది. 'సాయం' విన్నవాళ్లు అయిదారు మాటలు ఎక్కువే చెప్పారు. నీళ్లపాలు కాలేదని చెబుదామని వరండాలోకి వచ్చాను. కింద, పెద్దమ్మ ఆ ముసలావిడ చేయి పట్టుకుని రోడ్డు దాటిస్తోంది. దాటించాక తనూ అటే నడిచి వెళ్లిపోయింది.