చిల్లకల్లు దేశం మీద కేసు

మా వియ్యంకుడు పోయాడని కబురు వచ్చేసరికి నేను కల్లంలో మిరపకాయలు తిరగేస్తున్నాను. "నాన్నా, మావయ్యగారు ఇక లేరు" అని మా అమ్మాయి ఫోన్లో ఒక్క మాటే అంది. మా చిల్లకల్లు నుంచి వాళ్ళ నందిగామ ఎంతో దూరం కాదు. ఆ రోజు మాత్రం హైవే ఎంతకీ తరగలేదు.

నేను ఐదో తరగతి దాటలేదు. అయినా ఆయన గురించి నేనే రాస్తాను. చదువుకున్నవాళ్ళకి అప్పజెప్తే పొగిడి పాడుచేస్తారు.

ఆయన జిల్లా జడ్జీగా రిటైరయ్యాడు. ఆ తర్వాత హైదరాబాదు వెళ్ళొస్తూ, పరాయి దేశాల నుంచి వచ్చే జడ్జీలకీ ప్రాసిక్యూటర్లకీ పాఠాలు చెప్పేవాడు. అంతర్జాతీయ మానవతా చట్టమట. యుద్ధంలో కూడా చేయకూడని పనులేమిటో చెప్పే చట్టం. నాకు నవ్వొచ్చింది.

"చంపుకునేవాడు చట్టం చూసుకుని చంపుతాడా బావగారూ?"

"చూడడు. అందుకే తర్వాత చూడ్డానికి ఒక జడ్జీ కావాలి. ఆ జడ్జీకి నేర్పడమే నా పని."

నవ్వాను గానీ ఆ మాట నన్ను వదల్లేదు. నందిగామ వెళ్ళినప్పుడల్లా ఏదో ఒకటి అడిగేవాణ్ణి. బావిలో విషం కలపొచ్చా? ఆసుపత్రిలో తుపాకులు దాస్తే ఏంటి? ఆయన సొరకాయ ముక్కలు కోస్తూ ఓపిగ్గా చెప్పేవాడు. కూర తరగడం ఆ ఇంట్లో ఆయన వంతు. ఇంకో సంగతి, శత్రువు అనే మాట ఆయన నోట నేను వినలేదు. "అవతలివాడు" అనేవాడు. నా గట్టు తగాదాలో కూడా అంతే. నాకు ఒళ్ళు మండేది.

కిందటేడు ఆయనకి గొంతులో పుండు తేలింది. ఆపరేషన్ చేస్తే మాట పోతుందని బెజవాడ డాక్టర్లు చెప్పారు. అంతకు ముందు ఒక్క క్లాసు చెప్పి వస్తానని ఆయన పట్టుబట్టాడు.

"ఇన్నేళ్ళు చెప్పింది చాల్లేదా?" అన్నాను.

"చెప్పాను గానీ ఎక్కలేదు బావగారూ. 'అ' అనే దేశం, 'ఆ' అనే దేశం అని కథ కట్టి చెప్తే అందరూ సరిగ్గానే తీర్పు రాస్తారు. వాళ్ళ సొంత సైన్యం బోనులో నిలబడితే రాస్తారా? అది నేర్పకుండా నా నోరు పడిపోతే చదివిందంతా దండగ."

అని నన్నే జడ్జీని చేశాడు. చిల్లకల్లు ఒక దేశం, పరిటాల ఒక దేశం. పరిటాల సైనికుడొకడు మా ఊరి మీదికి వచ్చి, కాలికి దెబ్బ తగిలి, తుపాకి పారేసి చేతులెత్తాడు. చిల్లకల్లువాళ్ళు వాణ్ణి కాల్చేశారు. తీర్పు చెప్పమన్నాడు.

"మా ఊరి మీదికి వచ్చాడుగా! కాల్చక పప్పన్నం పెడతారా?"

"సరే. ఇప్పుడు చేతులెత్తింది చిల్లకల్లువాడు. కాల్చింది పరిటాలవాళ్ళు."

"ఉరెయ్యాలి నా కొడుకుల్ని!"

ఆయన కూర తరిగే కత్తి పక్కన పెట్టి నా మొహంలోకి చూశాడు. అప్పుడు తెలిసింది నాకు. తెలిసేసరికి తిక్క రేగింది.

"మా ఊరోళ్ళని హంతకుల్ని చేస్తారా? మీ నందిగామని పెట్టుకోలేకపోయారా?" అని లేచి వచ్చేశాను. "నాన్నా, కాఫీ!" అని మా అమ్మాయి అరుస్తూనే ఉంది.

మర్నాడు ఆయనే ఫోన్ చేశాడు. గొంతు గరగరలాడుతోంది. "మీకు కోపం వచ్చింది చూడండి, ఆ కోపం దొరక్కే నా పాఠం చప్పగా ఉంది. మీరూ రావాలి క్లాసుకి." నేను తగ్గి వెళ్ళలేదు. పిలిచారు గనక వెళ్ళాను.

హైదరాబాదు క్లాసులో అల్లుడు నా పక్కన కూర్చుని ఆ పరాయి దేశాలవాళ్ళ మాటలు చెవిలో తెలుగులో చెప్పాడు. ఆయన ముందు నందిగామ సైన్యం మీద అదే కేసు తనే చదివి, తనే శిక్ష వేశాడు. తర్వాత ఒక్కొక్కరినీ సొంత ఊరి పేరు పెట్టుకుని తీర్పు చెప్పమన్నాడు. అప్పటిదాకా నవ్వుతున్నవాళ్ళ నవ్వులు ఆగిపోయాయి.

ఒకావిడ, వాళ్ళ దేశంలో యుద్ధం ఇంకా నడుస్తూనే ఉందట, లేచి అడిగింది. "ఊరు మార్చుకోవచ్చా? మా అన్న మా ఊరి దళంలోనే ఉన్నాడు."

ఆయన కుర్చీ పట్టుకుని నిలబడ్డాడు. నొప్పేమో అనుకున్నాను.

"ఇక్కడ మార్చుకోవచ్చమ్మా. రేపు మీ కోర్టుకి వచ్చే కేసులో ఊరు మార్చడం నా చేతుల్లో లేదు. మీకు ఊరు ఉండొచ్చు. మీరు కూర్చునే కుర్చీకి ఊరుండదు."

ఆవిడ కూర్చుంది. మార్చుకుంటుందనే అనుకున్నాను. నేనైతే మార్చుకునేవాణ్ణే, అబద్ధమెందుకు? కాసేపటికి తీర్పు రాసిన కాగితం పట్టుకుని లేచింది. చదువుతూ చదువుతూ ఒకచోట ఆగింది. అక్కడ రావాల్సింది వాళ్ళ ఊరి పేరని అల్లుడు చెప్పకుండానే నాకు తెలిసింది.

మా వియ్యంకుడు తొందరపెట్టలేదు. గొంతు తడుపుకోవడానికి తెచ్చుకున్న వేణ్ణీళ్ళ గ్లాసు ఆవిడ ముందుకి జరిపాడు. ఆవిడ ఒక గుక్క తాగింది. తర్వాత ఆ పేరు చదివింది, మెల్లగానే, గది చివరిదాకా వినబడేలా. ఆయన కళ్ళు మూసుకుని, ఒక చేత్తో తన గొంతు పట్టుకుని వింటున్నాడు. చదవడం అయిపోయాక కూడా కాసేపు కళ్ళు తెరవలేదు.