పైపు లోపల మామ అడిగిన మాట

మొన్న పోతిరెడ్డిపల్లి నుంచి పాశమైలారం వెళ్తుంటే రోడ్డు వెడల్పు పనుల దగ్గర మా బస్సు ఆగిపోయింది. తవ్వి తీసిన పాత ఉక్కు పైపులు రోడ్డు పక్కన వరసగా పడి ఉన్నాయి. ఒకదాంట్లో ఇద్దరు ఉత్తరాది కూలీలు తువ్వాళ్ళు పరుచుకొని హాయిగా నిద్రపోతున్నారు. వాళ్ళను చూస్తుంటే నాకు మెడ వెనక చెమట పట్టింది. ఎందుకో పక్క సీటు కుర్రవాడికి చెప్పినా అర్థం కాదు. ఇక్కడ ఫ్యాక్టరీలు లేస్తున్న రోజుల్లో ఈ మట్టిలో పనిచేసిన నా ఈడువాళ్ళకైతే అవుతుంది.

పదో తరగతి తప్పిన నన్ను మేనమామ తన వెంట పైపులైను పనికి తీసుకుపోయాడు. అక్కడ ఆయన మేస్త్రీ. ఫ్యాక్టరీలకు నీళ్ళు తెచ్చే పైపులను కందకంలోకి దించి, అతుకులు వెల్డింగ్ చేశాక, తుప్పు పట్టకుండా మనిషి లోపలికి దూరి ఒక్కో అతుకు మీదా సిమెంటు పూయాలి. ఛాతీ ఎత్తు పైపులో పొద్దంతా నడుం వంచి చేసే ఆ పని మామదీ నాదీ. పని లేని రోజు సంగారెడ్డి గ్రంథాలయంలో కూర్చునేవాణ్ణి. బడి నాకు ఇవ్వని చదువు ఆ బల్ల దగ్గరే దొరికిందని ఇప్పటికీ గర్వంగానే చెప్పుకుంటాను. ఈజిప్టు పిరమిడ్లు, రోమనులు కమానుల మీద నడిపించిన నీటి కాలువలు, చైనా గోడ, ఏది చదివినా మర్నాడు సద్ది విప్పినప్పుడు మామకు చెప్పందే నాకు ముద్ద దిగేది కాదు. మామకు అక్షరం రాదు. అంతా విని బీడీ ముట్టించి, "గంత పెద్ద గోడ గట్టినోళ్ళకు నడుం నొయ్యలేదా అల్లుడా?" అనేవాడు.

ఒక మధ్యాహ్నం మేము లోపల ఉండగానే వాన మొదలైంది. పైపు మీద చినుకుల చప్పుడు వింటూ పూత పూస్తున్నాం. ఉన్నట్టుండి బరువైనదేదో జారిన శబ్దం, వెంటనే బల్బు ఆరిపోయింది. కందకం గట్టు విరిగి పైపు నోటి మీద పడింది. రెండో కొసను నీటి పరీక్ష కోసం ముందే రేకుతో వెల్డింగ్ చేసి మూసేశారు. ఆ చీకటిలో నా ఊపిరి నాకే ఎవరో పక్కన నిలబడి తీస్తున్నట్టు వినిపించింది. లేచి నిలబడబోతే తల ఉక్కుకు కొట్టుకుంది. నడుం ఎత్తడానికి లేని చీకటి చోట మనిషికి మొదట పోయేది ధైర్యం కాదు, దిక్కు. మట్టి ఎటుందో, రేకు ఎటుందో నాకు తెలియకుండా పోయింది.

అప్పుడు గుర్తొచ్చింది, మన పక్కనే ఉన్న బీదర్‌లో సుల్తానుల నాటి భూగర్భ కాలువ గురించి చదివింది. గాలీ వెలుతురూ దిగడానికి దాని పొడవునా బావుల్లాంటి రంధ్రాలు తవ్వారట. మన పైపుకూ మనిషి పట్టేంత గాలి రంధ్రం ఒకటి ఉంది కదా అన్నాను. మామ నా చెయ్యి పట్టుకున్నాడు. గోడ తడుముకుంటూ పోతుంటే మేము పూసిన అతుకులే ఒక్కొక్కటిగా వేళ్ళకు తగిలాయి. రంధ్రం దొరికింది. దాని మీద ఇనుప మూత, బోల్టులన్నీ బయటివైపు. మామ తాపీ పిడితో కొట్టడం మొదలుపెట్టాడు. పైన అందరూ మట్టి పడ్డ చోటే తవ్వుతుంటారు. ఈ వానలో ఈ చప్పుడు ఎవరికి వినిపిస్తుంది?

భయం నోరు మూయనివ్వక నేను మాట్లాడుతూనే ఉన్నాను. జెరూసలేంలో వేల ఏళ్ళ కిందట నీళ్ళ కోసం కొండ కింద రెండు వైపుల నుంచీ సొరంగం తవ్వారనీ, ఒకరి గొంతు ఒకరు విని నడుమ కలుసుకున్నారనీ, ఆ సంగతి రాతి మీద చెక్కుకున్నారనీ చెప్పాను. మామ కొట్టడం ఆపి దగ్గాడు.

"గదంత మంచిగనే ఉంది. లోపలున్నోళ్ళు అందరు బయటికొచ్చిన్రా లేదా? గది జెప్పు ముందుగాల."

చదివిందంతా గుర్తుచేసుకుని చూశాను. "పుస్తకంల గది లేదు మామ."

"గంత రాసినోడు గదొక్కటి రాయలేదా? ఏం సదువురా నీది!"

అని నవ్వాడు. ఆ నవ్వు పైపు పొడవునా పోయి తిరిగి మా దగ్గరికే వచ్చింది. దాని వెనకే, నెత్తి మీద టంగున ఒక దెబ్బ. "ఓ మేస్త్రీ! ఉన్నవా?" అని వెల్డరు గొంతు.

"ఉన్న! జల్దీ తియ్యి, మా అల్లుడు కథలు జెప్పి సంపుతున్నడు!"

మూత తొలగినప్పుడు ముఖం మీద పడ్డ వానను నేను ఇంకా మరిచిపోలేదు.

సగం పూసిన అతుకు మిగిలిందని మామ మర్నాడే మళ్ళీ లోపలికి దూరాడు. నేను పైపు నోటి దగ్గర నిలబడిపోయాను, కాలు ముందుకు పడలేదు. తర్వాత ఫ్యాక్టరీ స్టోర్స్‌లో పనికి కుదిరాను, అక్కడా తలుపు తీసిపెట్టుకునే కూర్చునేవాణ్ణి. నా చేతిలో పుస్తకం కనిపిస్తే చాలు, మామ పోయేదాకా అదే అడిగాడు: "గిండ్ల గూడ రాయలేదా?"

ఇప్పుడు గ్రంథాలయంలో పిల్లలు ఉద్యోగ పరీక్షలకు చదువుకుంటారు, పక్కవాడికి చెప్పుకోవడానికి కాదు. సముద్రం కింద తవ్వే సొరంగాలను నేనూ ఫోన్లోనే చూస్తాను. ఎంత పొడవు, ఎంత లోతు, ఎంత ఖర్చు అని చెప్పి వీడియో అయిపోతుంది. మామ అడిగింది ఎవరూ చెప్పరు, అడిగే మామా పక్కన లేడు.

బస్సు కదిలింది. పైపులోని ఆ ఇద్దరూ లేచి బయటికి వస్తారేమోనని మెడ తిప్పి చూస్తూనే ఉన్నాను. మలుపు వచ్చేదాకా వాళ్ళు రాలేదు.