ఎవరికీ నౌకరి ఇప్పించని కోటు

నా ఎం.ఏ. పట్టా మీద ప్రమాణం చేసి చెప్తున్నాను, ఇందులో ప్రతి అక్షరం నిజం. ఆ పట్టా వేరే దేనికీ పనికిరాలేదు, కనీసం ప్రమాణానికైనా పనికి రానివ్వండి. దయ్యాలను నేను నమ్మను. అప్పుడూ నమ్మలేదు. చిరాగ్‌పల్లి దగ్గర రోడ్డు మీద తెల్లచీర కనపడిందని లారీ డ్రైవర్లు చెప్తే, ఎవరింట్లోనో ఆరేసిన చీర గాలికి కొట్టుకొచ్చిందేమో చూసి రాపోండి అని నవ్వినవాణ్ని.

మొన్న మా ఊరి కాలేజీ పిల్లలు నా ఎరువుల దుకాణానికి వచ్చారు. కొత్తగా ఎం.ఏ.లు, ఎమ్మెస్సీలు పాసైనవాళ్లు ఉద్యోగం ఎట్ల వెతుక్కోవాలో సలహాలు రాసిస్తే కాలేజీ సంచికలో వేస్తారట. సలహా అన్న మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఎందుకు మండుతుందో రాస్తున్నాను. దాన్నే సలహా అనుకొని అచ్చేసుకోండి.

డెబ్బైల్లో నేను పట్టా పట్టుకొని జహీరాబాద్‌కు తిరిగొచ్చాను. ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్చేంజి కార్డు రెన్యువల్ చేయించుకోవడం, ఇంటర్వ్యూకు పోవడం, ఉత్తచేతులతో రావడం. ఇదే నా పని. ఊరందరికీ నాకు సలహాలివ్వడం పని. పోస్టాఫీసు గుమాస్తా, "నవ్వుకుంట పోవాలె, ఏడుపు మొకం ఎవలకు గావాలె?" అన్నాడు. మా మేనమామ ఝరాసంగం నుంచి పనిగట్టుకొని వచ్చి, "పండ్లు కనపడనియ్యకురా, పిచ్చోడనుకుంటరు" అన్నాడు. ఒకరు సార్ల కళ్లలోకి సూటిగా చూడమంటే, ఇంకొకరు వాళ్ల బూట్ల మీది నుంచి చూపు ఎత్తొద్దన్నారు.

వీళ్లలో ఒక్కడూ జన్మలో ఇంటర్వ్యూకు పోయినవాడు కాదు. మా మేనమామ చదివింది ఏడో తరగతి. సంతలో బెల్లం కొంటుంటే తహసీలు ఆఫీసాయన పిలిచి, "రాయొస్తదా?" అన్నాడట. వస్తదంటే తీసుకుపోయి కుర్చీలో కూర్చోబెట్టాడట. బెల్లం ఇంటికి చేరకముందే నౌకరి. అట్లాంటాయన నాకు చెప్తాడు, ప్రయత్నం చాలదురా అని.

అందరూ ఒప్పుకున్న మాట మాత్రం ఒకటుండేది. కోటు లేకుండా పోవద్దు.

అందుకు మా ఊళ్లో ఒక ఏర్పాటు ఉండేది. బజార్లో గఫూర్ చాచా టైలరు దుకాణంలో మేకుకు ఒక బూడిదరంగు కోటు వేలాడేది. ఎవరో కుట్టించుకొని తీసుకుపోలేదని చాచా చెప్పేవాడు. ఇంటర్వ్యూ ఉన్నవాడు దాన్ని తొడుక్కొని పోవాలి, వచ్చాక అదే మేకుకు తగిలించాలి. కిరాయి లేదు. నౌకరి వస్తే మాత్రం చాచాకు జిలేబీ తినిపించాలి.

రాయికోడ్ నుంచి కూడా వచ్చి తీసుకుపోయేవాళ్లు. బక్కవాడికీ, బొర్ర ఉన్నవాడికీ అది కొలిచి కుట్టినట్టు సరిపోయేది. చాచా మాత్రం జిలేబీ మొఖం చూడలేదు. ఆ కోటు తొడుక్కున్న ఒక్కడికీ నౌకరి రాలేదు. అయినా తొడుక్కునేవాళ్లం. కోటు లేకుంటే నౌకరి రాదని పెద్దలు చెప్పారు కదా.

నాకు చివరి ఇంటర్వ్యూ వచ్చింది. చివరిదని ఎందుకంటున్నానంటే, ఆ నెల దాటితే నాకు వయసు మించిపోతుంది. ఇక సర్కారు నౌకరికి అర్జీ పెట్టే హక్కు కూడా ఉండదు. మా బాపు అప్పటికే అడిగినవాళ్లందరికీ "ఇగ వస్తది" అని చెప్పి చెప్పి, చావడి దిక్కు పోవడమే మానేశాడు. ఆఫీసు హైదరాబాద్‌లో. పేరు రాయను, రాస్తే అక్కడి కుర్చీలు బాధపడతాయి.

కోటు తీసిస్తూ చాచా, "విఠల్ బేటా, ఈసారన్న జిలేబీ తినిపియ్యి. నా పండ్లు ఊడకముందే" అన్నాడు.

మే నెల. బస్సులో అందరి చొక్కాలూ వీపులకు అతుక్కుపోయాయి. నాకు చెమట చుక్క పట్టలేదు. కోటు లోపల, దిగుడుబావి మెట్లు దిగుతున్నంత చల్లగా ఉంది. బట్ట మంచిదనుకున్నాను.

ఆ ఆఫీసుకు నేను అంతకుముందు ఎన్నడూ పోలేదు. అయినా గేటు దగ్గర ఎవరినీ దారి అడగలేదు. కాళ్లు వాటంతటవే వెనక మెట్లెక్కి, రెండు వరండాలు తిరిగి సరైన తలుపు ముందు ఆగాయి. అక్కడ ఒక బెంచీ. కూర్చోబోయి, ఎందుకో పక్కకు జరిగి కూర్చున్నాను. నా తర్వాత వచ్చిన సిద్దిపేటాయన నేను వదిలిన చోట కూర్చున్నాడు. లేచేటప్పుడు ఆయన పాంటు పర్రుమని చిరిగింది. బెంచీకి మేకు లేచి ఉంది. ఆ మేకును నేను చూడలేదు. కావాలంటే పట్టా మీద ఇంకోసారి ప్రమాణం చేస్తాను.

లోపల ముగ్గురున్నారు. మధ్యలో పెద్దాయన, ఆయన ముందు చాయ్ కప్పు. నా కాగితాలు తిరగెయ్యకుండానే, "జహీరాబాదా? మీ ఊరు దేనికి ప్రసిద్ధి?" అన్నాడు. అన్నేళ్లు చదివినవాణ్ని అడగాల్సిన ప్రశ్నేనా అది? సరే, చెరుకు, ఆలుగడ్డ, అల్లం అని జవాబు సిద్ధంగానే ఉంది. నోరు తెరిచాను.

వచ్చిన గొంతు నాది కాదు. నాది సన్నటి గొంతు. ఇది బొంగురుగా, ఏ తొందరా లేకుండా ఉంది.

"ఇదే సవాలు నన్ను ఇంతకుముందు అడిగిన్రు సార్. నేను జవాబు చెప్తుంటె మీ చాయ్‌ల ఈగ పడ్డది. గంట కొట్టి, నౌకరును పిలిచి, ఈగను తీపిచ్చి, ఇంకో చాయ్ చెప్పిన్రు. అది రాంగనే నన్ను పొమ్మన్నరు. నా జవాబు సగంలనే ఉండిపోయింది. ఇయ్యాల మొత్తం చెప్త. మీరు వినాలె."

తర్వాత ఆ గొంతు జవాబు చెప్పింది. మా ఎర్రనేలకు వాన ఎప్పుడు కావాలో, నల్లనేల ఏ ఊరి దగ్గర మొదలవుతుందో, బీదర్ దిక్కు నుంచి ఏ సరుకు వస్తుందో, ఒకే పెండ్లిలో కన్నడం, ఉర్దూ, తెలుగు ఎట్ల కలిసి కూర్చుంటాయో. నాకే తెలియని సంగతులు నా నోటి నుంచి వింటూ కూర్చున్నాను. ఆ ముగ్గురూ కదల్లేదు. కప్పులో చాయ్ మీద మీగడ కట్టింది.

అయిపోయాక పెద్దాయన నా ముఖం చూడలేదు. కోటును చూశాడు. "ఆయన ఏడీ? ఈ కోటు మనిషి?" అన్నాడు. పేరు మాత్రం గుర్తుకు రాలేదు. నాకు ఇప్పటికీ మండేది అక్కడే. మనిషి ఇట్ల తిరిగొచ్చి ఎదురుగా కూర్చున్నా పేరు గుర్తులేదు, కోటు గుర్తుంది.

తిరిగొచ్చి కోటు తగిలించి, జరిగిందంతా చాచాకు చెప్పాను. ఈగ అనగానే ఆయన కత్తెర కింద పెట్టాడు.

"ఈగ సంగతి నీకెవలు చెప్పిన్రు?"

"ఎవరూ చెప్పలేదు చాచా. నా నోరే చెప్పింది."

ఆయన దారం ఉండను వేళ్లతో తిప్పుతూ చెప్పాడు. కోటు రాయికోడ్ శివప్పది. ఎం.ఏ. చదివి, వయసు మించేదాకా ఇంటర్వ్యూలకు తిరిగినవాడు. ఆఖరి ఇంటర్వ్యూ నుంచి వచ్చి, "ఒళ్లు చిక్కింది చాచా, జర బిగియ్యి" అని కోటు ఇచ్చి, ఈగ పడ్డ సంగతి చెప్పి పోయాడు. తర్వాత కామెర్లు. బీదర్ దవాఖానలో పోయాడు. ఈగ సంగతి చాచా ఇంట్లో కూడా చెప్పలేదట.

"ఏమని చెప్పాలె బేటా? ఈగ కోసం మనిషిని పొమ్మన్నరని చెప్పాల్నా? చెప్పెటందుకు నాకే శరమైంది."

"మరి చచ్చినోని కోటు మాకెందుకిచ్చినవ్?"

"మంచి బట్ట. ఊకె ఎందుకుండాలె?"

నెల తిరగకముందే నాకు ఆర్డరు వచ్చింది. నేను పోలేదు. ఈగకున్న విలువ మనిషికి లేని చోట కూర్చోనని ఆర్డరు చింపేసి ఈ దుకాణం పెట్టుకున్నాను. చాచాకు మాత్రం జిలేబీ తీసుకుపోయాను. ఆయన ఒక జిలేబీ తీసి కోటు కింద బల్ల మీద పెట్టి, తర్వాతే తను తిన్నాడు.

ఆ గొంతు ఎవరిదో, నా నోట్లోకి ఎట్ల వచ్చిందో ఇన్నేళ్లయినా నాకు అంతు చిక్కలేదు. దయ్యాలను ఇప్పటికీ నమ్మను.

పిల్లలూ, అచ్చుకు పోయేముందు ఒక్క మాట. ఇందులో నేను కల్పించింది ఒకటుంది. ఆర్డరు. అది రాలేదు. ఈ సంగతి నేను హోటల్లో ఎంతమందికి చెప్పానో. చల్లటి కోటు, మేకు, గొంతు, ఈగ అన్నీ చాయ్ తాగుకుంటూ విన్నారు. అదెట్ల జరిగింది అని అడిగినవాడు లేడు. అందరూ అడిగింది ఒక్కటే, "ఇంతకు నౌకరి వచ్చిందా?" రాలేదంటే, అయితే అంతా అబద్ధమేనని లేచిపోయేవాళ్లు. అందుకని ఆర్డరు తెప్పించాను. వచ్చినదాన్ని నేనే చింపేశాను. అప్పటి నుంచి అందరూ నమ్ముతున్నారు, మా బాపుతో సహా.

జిలేబీ మాత్రం నిజం. అది నౌకరి వచ్చినందుకు కాదు. శివప్ప జవాబు మొత్తం విన్నారు, అందుకు.