సర్వే ఆయన సైకిలు కడిగిన రోజు

నా చిన్నప్పుడు మా ఊరికి బోరింగు తెప్పించినవాణ్ణి నేనే. ఈ మాట నలభై ఏళ్లుగా చెప్పుకుంటున్నాను. పెళ్లిళ్లలో చెప్పాను, గని క్యాంటీనులో చెప్పాను, రిటైరైన రోజు మెడలో దండ ఉండగా మైకులో కూడా చెప్పాను. చెప్పినప్పుడల్లా కథలో నా వయసు తగ్గింది, బోరింగు లోతు పెరిగింది. ఇప్పుడు అలసిపోయాను. మోకాళ్లలాగే ఆ అబద్ధం కూడా ఈడ్చుకుంటూ నడవాల్సిన బరువైపోయింది. అందుకే ఉన్నది ఉన్నట్టు రాద్దామని కూర్చున్నాను, నా చేతనైనంత వరకు.

మా ఊరు కమాన్‌పూర్ అవతల ఉండేది. మా నాన్నకు, మేం బాపు అనేవాళ్లం, గని క్వార్టరు దొరకలేదు, అందుకని ఊరి నుంచే సైకిలు మీద గనికి డ్యూటీకి పోయేవాడు. అమ్మ కూలికి పోయేది. ఇల్లు, నేను, నీళ్లు, ఈ మూడూ మా నాయనమ్మ పాలబడ్డాయి. మా వైపు నాయనమ్మను బాపమ్మ అంటాం.

ఊరి నడుమ చేదబావి ఉండేది. గోడ ఉండేది, గిలక ఉండేది, గిలకకు తాడు కూడా ఉండేది. శివరాత్రి దాటితే నీళ్లు మాత్రం ఉండేవి కావు. గని లోతుకు పోయినకొద్దీ నీళ్లూ లోతుకు పోయాయని కొందరనేవారు, వానలే తగ్గాయని కొందరనేవారు. ఎవరి మాట నిజమో నాకు ఇప్పటికీ తెలియదు. ఎండాకాలమంతా బాపమ్మ వాగుకు పోయి, ఇసుకలో చెలిమె తవ్వి, అందులో ఊరిన నీటిని ముంతతో తోడి, బిందె నింపుకొని వచ్చేది. పొద్దున రెండు బిందెలు, మధ్యాహ్నం ఒకటి. పొద్దున తెచ్చినవాటిలో ఒకటి వంటకు, తాగడానికి. ఇంకొకటి మొదటి షిఫ్టు దిగి వచ్చే బాపు కోసం. ఒళ్లంతా బొగ్గు పూసుకున్న మనిషి కడుక్కోకుండా అన్నం ముందు కూర్చోలేడు కదా.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి, లేకపోతే మేం చేసిన పని మీకు పిచ్చితనంలా కనిపిస్తుంది. అంతకు రెండేళ్ల ముందు మా ఊరి పొలిమేరలో కొంత భూమి గనికి తీసుకున్నారు. అప్పుడు వచ్చిన సర్వేవాళ్లు చెట్లూ బావులూ కొట్టాలూ రాసుకొని పోయారు. ఉన్నది ఉన్నట్టు చెప్పినవాళ్లు తర్వాత పరిహారం తక్కువొచ్చి నెత్తి కొట్టుకున్నారు. మోకాలెత్తు మొక్కను మామిడిచెట్టని రాయించినవాళ్లు మీసం దువ్వుకున్నారు. ఎవరైనా కాగితాలు పట్టుకొని వస్తే పెద్దగా చెప్పాలని ఆ రోజే ఊరంతా నేర్చుకుంది. ఆ విద్యలో నాకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు.

నాకు పదేళ్లప్పుడు, మండుటెండలో, ఒకాయన సైకిలు మీద వచ్చాడు. కోస్తా వైపు మనిషి. మాట చివర ‘అండీ’ వినబడితే మాకు సినిమా చూస్తున్నట్టే ఉండేది. సైకిలు వెనక ఫారాల కట్ట, ఆ కట్ట మీద దుమ్ము, ఆ దుమ్మే ఆయన కనుబొమల మీద కూడా. చెప్పులు విప్పి పాదాలు చూసుకొని, చూసి లాభం లేదన్నట్టు మళ్లీ తొడుక్కున్నాడు. మా పక్కింటి కాక, నాకు చిన్నాన్న వరస, మంచం వాల్చాడు. ఊళ్లో పెద్ద గొంతు ఆయనదే.

ఊళ్లో ఏమేం ఉన్నాయో రాసుకోవడానికి వచ్చానన్నాడు. బడి ఉందా, దవాఖాన ఎంత దూరం, బండి దారి ఉందా, ఇలా వరసగా అడిగాడు. కాక మీసం సర్దుకున్నాడు.

“బడి ఉన్నది సార్. ఇద్దరు పంతుళ్లు. పొద్దుందాక చదువే.”

పంతులు ఒక్కడే. వారానికి రెండు రోజులు వచ్చేవాడు.

“దారా? లారీలస్తయి సార్ మా ఊరికి.”

ఒక లారీ వచ్చింది, నిజమే. బురదలో దిగబడితే నాలుగు జతల ఎడ్లను కట్టి లాగారు.

నీళ్ల దగ్గరికి వచ్చేసరికి ఆయన ప్రశ్న అడగలేదు. కలం మూశాడు. “అబ్బాయ్, కాసిన్ని మంచినీళ్లు ఇస్తావా?” అని నన్నడిగి చేతి గడియారం చూసుకున్నాడు. అది ఆయన పని పద్ధతి అని తర్వాత ఆయనే చెప్పాడు. నీళ్లున్నాయా అని అడిగితే ప్రతి ఊరూ ఏదో ఒకటి చెప్తుంది. అందుకే నీళ్లే అడిగి, చెంబు ఎంతసేపటికి వస్తుందో, ఇచ్చేవాళ్ల ముఖం ఎట్లా ఉందో చూసి రాసుకునేవాడు.

కాక నాకు కన్ను గీటాడు. నేను ఇంట్లోకి ఉరికాను. చెంబుతో తేలేదు, బిందెతోనే తెచ్చాను. ఆయన తాగాడు. కాళ్లకు పోశాను. ముఖానికి పోశాను. ఆయన చాలు చాలంటున్నకొద్దీ నాకు పూనకం పెరిగింది. “మా ఊళ్లె నీళ్లకేం కొదువ సార్! బర్లను దినాం రెండుసార్లు కడుగుతం,” అని రెండో బిందె కూడా తెచ్చి ఆయన సైకిలు కడిగాను. చక్రాలు, చైను, సీటు, గంట. పన్నెండు బిందెలు పోశానని ఇన్నాళ్లూ చెప్పాను. ఇంట్లో ఉన్నవే రెండు, అందులో ఒకటి పొద్దుటి వంటకు సగమైంది. ఒకటిన్నర బిందె పోశాను.

ఊరంతా నిలబడి చూసింది. ఆ నీళ్లు ఎక్కడి నుంచి, ఎవరి నెత్తి మీద వచ్చాయో అక్కడున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. ఒక్కరూ ఆపలేదు. ఎదురింటి అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నా తెలివికి నవ్వు ఆపుకుంటోందని అప్పుడు మురిసిపోయాను.

ఆయన సంతోషంగా రాసుకున్నాడు. కట్ట కట్టుకుంటూ కాకతో అన్నాడు, “అదృష్టవంతులండీ మీరు. నీటికి ఇబ్బంది పడే ఊళ్లకి బోరింగులు వేస్తారు, ఆ జాబితా కోసమే తిరుగుతున్నాను. ఈ వారం మొత్తానికి ఇబ్బంది లేని ఊరు మీదొక్కటే.”

తళతళలాడే సైకిలెక్కి వెళ్లిపోయాడు. సర్కారు మనిషికి ఒకసారి చెప్పిన మాట కాదంటే కేసవుతుందని అందరికీ భయం. సైకిలు మలుపు తిరిగాక కాకకు గొంతు వచ్చింది.

“మన నోట్లె మన్ను గొట్టినవ్ గదరా!”

“నువ్వే గద కాకా కన్ను గీటినవ్.”

“నీళ్లియ్యమన్న. సైకిల్‌కు తానం పొయ్యమన్ననా?”

అప్పుడే బాపమ్మ మూడో బిందెతో వచ్చింది. నెత్తి మీద చుట్టబట్ట, దాని మీద నిండు బిందె. తడిసిన వాకిలి చూసింది. లోపలికి పోయి, బోర్లించిన బిందెలు చూసి, నెత్తి మీది బిందె దించకుండానే బయటికి వచ్చింది. ఎవరు పారబోశారని అడిగింది. బర్రె తన్నిందన్నాను. ఆమె బురదలో చక్రాల గుర్తును కాలి బొటనవేలితో చూపించింది.

“బర్రెకు చక్రాలు మొలిచినయారా?”

కాక తల వంచుకొని జరిగింది చెప్పాడు. బాపమ్మ నన్ను కొట్టలేదు. “నడువు,” అంది. సైకిలు పోయిన దారినే ముందు నేను, వెనక ఆమె, ఆమె నెత్తి మీద ఆ బిందె.

సర్వే ఆయన పెద్ద దూరం పోలేదు. ఊరి చివర కల్వర్టు మీద కూర్చొని పాదం మీది పొక్కుకు గుడ్డ చుట్టుకుంటున్నాడు. బాపమ్మ ఆయన ముందు నిలబడింది.

“సారూ, మా పోరడు నీకో మాట చెప్తడట.” తర్వాత నా వైపు తిరిగింది. “చెప్పు. నువ్వు నిజం చెప్పేదాంక నేను బిందె దించ.”

అక్కడ కూడా నా బుద్ధి పోనిచ్చుకోలేదు. ఇప్పుడు కావలసింది లేమి అని అర్థమైంది కనుక, అటువైపు నుంచి పెంచడం మొదలుపెట్టాను. మా ఊళ్లో చుక్క నీళ్లు లేవన్నాను. ఆరు మైళ్లు పోవాలన్నాను. దారిలో పులి ఉందన్నాను.

ఆయన కోపగించుకోలేదు. కళ్లు మూసుకొని తెరిచాడంతే. “పొద్దున చూసిన ఊళ్లో ఎనిమిది మైళ్లన్నారు అబ్బాయ్. అక్కడా ఒక పులుంది. పెంచి చెప్పినా తగ్గించి చెప్పినా ఈ కాగితం మీద పడేది అబద్ధమే. దీన్ని పట్టుకొని నేనేం చెయ్యను?”

నాలుగు మైళ్లన్నాను. బాపమ్మ మెడ నరం అదిరింది. మూడన్నాను. బిందె అంచు నుంచి నీళ్లు తొణికి ఆమె చెంప మీదుగా కారాయి. తుడుచుకోవడానికి చేయి ఖాళీ లేదు. రెండున్నర అన్నాను. అంగడిలో బేరమాడినట్టు నేను ఒక్కొక్క మెట్టూ దిగుతున్నాను, ఆమె మోస్తూనే ఉంది. ఒక్కమాట కూడా అనలేదు. అని ఉంటే నేను జవాబు చెప్పేవాణ్ణి, ఇంకో అబద్ధం దొరికేది.

చివరికి నా గొంతులో మిగిలింది ఒక్కటే. “తెల్వది సార్. ఎంత దూరమో నాకు తెల్వది. నేనెన్నడు వాగుకు పోలే.”

అప్పుడు ఆమె బిందె దించింది. సర్వే ఆయన కుంటుకుంటూ లేచి ఒక చేయి వేశాడు. బిందె నేల మీద పెట్టాక ఆయన దాన్ని చూశాడు, తర్వాత మెరుస్తున్న తన సైకిలును చూశాడు. చాలాసేపు సైకిలునే చూశాడు.

కొట్టివేతలున్న ఫారం పైవాళ్లు తీసుకోరట. మధ్యలో కార్బను కాగితాలు పెట్టి మూడు ప్రతులూ మొదటి నుంచీ మళ్లీ రాయాలి. ఆ రోజు చూడవలసిన ఇంకో ఊరు తప్పిపోతుంది. ఇదంతా ఆయన మాతో చెప్పలేదు, తనలో తాను గొణుక్కుంటుంటే విన్నాను. నన్ను తిట్టడానికి ఆయనకు హక్కుంది, ఓపిక లేదనుకున్నాను. ఓపిక లేని మనిషి చేసే పనైతే చేయలేదు. పొక్కుకు చుట్టగా మిగిలిన గుడ్డ పీలికను ముందు చక్రం పుల్లకు కట్టి, “పద, కొలుద్దాం,” అన్నాడు.

చేదబావి గోడ నుంచి వాగు దాకా ఆయన సైకిలు నడిపించాడు. పీలిక పైకి వచ్చినప్పుడల్లా నేను ఒక అంకె అరిచాను. ఆ దారిలో నీడ లేదని ఆ రోజే చూశాను. చివరి ఇసుక మెట్ట ఎక్కేటప్పుడు ఖాళీ చేతులతో కూడా ఆయాసం వస్తుంది. సగం దూరంలో కాక వచ్చి కలిశాడు. కాసేపు దగ్గాడు.

“సార్, పంతులు ఒక్కడే. రెండు దినాలే వస్తడు.”

“మరి లారీ?”

“ఒక్కపారి అచ్చింది సార్. భయపడి మల్ల రాలే.”

ఆ రోజంతటికీ ఆయన నవ్వింది అప్పుడొక్కసారే. వాగు ఒడ్డున చెలిమె పక్కనే ఇసుకలో కూర్చొని, ఫారాలు మోకాలి మీద పెట్టుకొని, అంతా కొత్తగా రాశాడు.

చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో అడిగితే వెయ్యి నూట పన్నెండని తడుముకోకుండా చెప్తూ వచ్చాను. అదీ కల్పనే. నిజం అంకె మరిచిపోయాను. మళ్లీ కొలుద్దామన్నా ఆ దారి లేదు, ఆ వాగు మలుపు లేదు, ఊరే లేదు. అంతా ఓపెన్‌కాస్టు గనిలోకి పోయింది. మేం ఇప్పుడు ఊరు పోయినవాళ్లకు ఇచ్చిన కాలనీలో ఉంటున్నాం.

ఇంటికి వచ్చేసరికి బాపు అరుగు మీద కూర్చొని ఉన్నాడు. కళ్లు, పళ్లు తప్ప అంతా బొగ్గే. ఆకలితో మాట కూడా రావడం లేదు. మిగిలిన ఆ ఒక్క బిందెలో బాపమ్మ సగం వంటకు ఉంచి, సగం ఆయన చేతుల మీద పోసింది. ముఖం, చేతులు తెల్లబడ్డాయి. మెడ వెనక బొగ్గు అట్లాగే ఉంది. అట్లాగే కూర్చొని తిన్నాడు. నేను ఎదురుగా కాకుండా వెనక కూర్చున్నాను కనుక, అన్నం తిన్నంతసేపూ ఆ మెడనే చూశాను.

బోరింగు వచ్చింది, కానీ రెండు ఎండాకాలాలు గడిచాక. ఆ రెండేళ్లూ నేను రోజూ బాపమ్మతో వాగుకు పోయానని చెప్పుకుంటాను. వారానికి మూడుసార్లు పోయాను. బోరింగు నీళ్లు మొదటిసారి తాగి ఆమె ముఖం చిట్లించింది, ఇనుప వాసనంది. ఇంకో చెంబు అడిగింది.

ఈ కాలనీకి ఇప్పటికీ ఎవరో ఒకరు సర్వేకు వస్తూనే ఉంటారు. కాగితాలు పోయి చేతిలో ఫోన్లు వచ్చాయి. మొన్న ఒక పిల్ల చెమటలు కక్కుకుంటూ వచ్చి, “తాతా, నల్లా నీళ్లు దినాం వస్తయా? మోరీల మురుగు ఎప్పుడు తీస్తరు? దవాఖాన్ల మందులు దొరుకుతయా?” అని అడిగింది. మందుల దగ్గర నాలుక దురద పెట్టింది. ఉన్నాయని గొప్పగా చెప్పగలను, ఒక్కటీ లేవని ఏడుస్తూనూ చెప్పగలను, రెండూ నాకు బాగా వచ్చు. ఈ మధ్య నేను ఆ దవాఖానకు పోనే లేదు. “తెల్వది బిడ్డా,” అన్నాను. పులుల గురించి, లారీల గురించి, నా గురించి ఎన్నయినా పెంచి చెప్తాను, చచ్చేదాకా మానను. ఊరి సంగతి అడిగి రాసుకునేవాళ్ల ముందు మాత్రం నాకు తెలియనిదాన్ని తెలియదంటాను. ఆ మాట అనేదాకా నా ఎదుట ఎవరో నెత్తి మీది బిందె దించకుండా నిలబడి ఉన్నట్టే ఉంటుంది.