ఇంకొన్నాళ్ళు ఉండనిచ్చే పని

గత మంగళవారం మధ్యాహ్నం మా పక్కింటి అంకుల్ పోయారు. ఆంటీ ఫోన్ చేసినప్పుడు నేను ఆఫీసులో, ఎవరికీ అక్కర్లేని ఒక మీటింగ్‌లో ఉన్నాను. ఆ మీటింగ్ మీద నాకింకా కోపం తగ్గలేదు.

అమెరికాలో, ఈ షాంటిలీ ఊళ్ళో మా రెండిళ్ళకీ మధ్య ఒక చెక్క కంచె. ఇక్కడే పుట్టిన నాకు తెలుగు రాయడం వచ్చిందంటే, అది ఆయన వంటింటి బల్ల దగ్గర తిన్న చివాట్ల పుణ్యమే. ఆ బల్ల మీదే ఉప్పు డబ్బా, పప్పు డబ్బా పక్కపక్కన పెట్టి తన ఉద్యోగం గురించి చెప్పేవారు. అంతరిక్ష నౌక వెనక భాగంలో బిగించే అదనపు ట్యాంకులు ఆయన బృందం పని. కొన్నింట్లో విపరీతమైన చలికి ద్రవమైన ఆక్సిజన్, కొన్నింట్లో హైడ్రోజన్. రెండూ కలిస్తే కరెంటూ, తాగడానికి నీళ్ళూ. అవి ఉంటే పైనున్నవాళ్ళు రెండు వారాలు దాటినా ఉండగలిగేవారు.

"రాకెట్లు చేసేవాళ్ళు పైకి పంపుతారు. మేం ఇంకొన్నాళ్ళు ఉండనిస్తాం, అంతేనమ్మా," అనేవారు.

ఇంటికొచ్చినవాళ్ళతోనూ అంతే. చెప్పులు వేసుకున్నాక రెండో కాఫీ వచ్చేది. "వాళ్ళని కదలనివ్వండీ, కార్‌లో పిల్లలు ఏడుస్తున్నారు!" అని ఆంటీ విసుక్కునేవారు.

ఆయనకు ఒకటే పట్టింపు. గుమ్మంలో నేను "వెళ్తున్నా అంకుల్" అంటే ఊరుకునేవారు కాదు.

"వెళ్ళొస్తా అను."

చాదస్తం అనుకునేదాన్ని. ఆ ట్యాంకులతో ఆఖరిసారి పైకెళ్ళిన నౌక ఏడుగురితో సహా తిరిగి రాలేదని ఆంటీ చెప్పాకే నాకు అర్థమైంది. తప్పు ట్యాంకులది కాదు. అయినా చాలా ఏళ్ళు ఆయన వాటి ఊసే ఎత్తలేదట.

చివరి నెలల్లో ఆయనకే ఇంట్లో ఆక్సిజన్ సిలిండర్ పెట్టారు. మీటరు ముల్లు చూసి, "ఇది సాయంత్రం దాకా వస్తుంది," అని తనే చెప్పేవారు. మంగళవారం పొద్దున ఆఫీస్‌కి వెళ్తూ తొంగిచూశాను.

"కాసేపు ఉండమ్మా," అన్నారు.

ఎప్పుడూ అనే మాటే కదా అనుకున్నాను. "మీటింగ్ ఉంది అంకుల్, వెళ్తున్నా."

సరిదిద్దుతారని గుమ్మంలో ఒక్క క్షణం ఆగాను. ఆయన చెయ్యి మాత్రం కొంచెం ఎత్తారు. నాకోసం ఆయన ఎన్ని గంటలు కూర్చున్నారో. ఆ కాసేపు నేను ఉండలేకపోయాను.

నేను తిరిగొచ్చేసరికి మంచం ఖాళీగా ఉంది. సిలిండర్ వాల్వు కట్టేసి ఆంటీ దాన్ని గోడకి ఆనించారు. ఆయన నేర్పిన అలవాటే, ముల్లు చూశాను.

ఇంకా సగం ఉంది.