సగంలో ఆపిన పాట

నా చిన్నప్పుడు నాకు అక్షరం రాదు. పెళ్ళినాటికీ రాదు, నా పిల్లల పెళ్ళిళ్ళనాటికీ రాదు. బత్తలపల్లి కూడలిలో ఉడకబెట్టిన చెనక్కాయలు అమ్ముకుంటూ, ఆగే బస్సుల బోర్డులు చూసి ధర్మవరం, పెనుకొండ, హిందూపురం అని ఒక్కో అక్షరమే పట్టుకున్నాను. అప్పటికి అరవై దాటాయి. ఇన్నాళ్ళూ రాయకపోవడానికి అదే కారణమంటే సగం నిజమే అవుతుంది. నోటితో చెప్పడానికి అక్షరాలు అక్కర్లేదు కదా. అయినా చెప్పలేదు. భయపడి నేను అన్న మాట ఒకటి ఇందులో ఉంది. అది నా పిల్లల ముందు నోరు తెరిచి చెప్పుకోలేకపోయాను.

మా ఊరు పెనుకొండ నుంచి ధర్మవరం పోయే దారిలో, రోడ్డుకు కాస్త లోపలగా ఉంటుంది. నాకప్పుడు ఎనిమిదో తొమ్మిదో ఏళ్ళు. మా నాయనను కన్న అవ్వ మాతోనే ఉండేది. ఒకరోజు తెల్లవారి బావి నుంచి నీళ్ళు మోసుకొస్తూ వాకిట్లో కూలబడింది. బిందె దొర్లి నా కాళ్ళ దాకా వచ్చింది. అవ్వ మూతి ఒక పక్కకు లాగేసింది. కుడి చెయ్యి, కుడి కాలు కదల్లేదు.

చెయ్యి, కాలు పడిపోతే పక్షవాతమని మా ఊళ్ళో అందరికీ తెలుసు. ఆకు పసరు నూరి పట్టించారు. అంతవరకు ఎవరూ పెద్దగా బెదరలేదు. మూడో రోజు అవ్వకు మాట వచ్చింది. వచ్చింది ఒకే మాట. "బాయి."

ఆకలేస్తోందా అని అడిగితే "బాయి" అనేది. నొప్పిగా ఉందా అంటే "బాయి, బాయి". అమ్మ ఒళ్ళు తుడుస్తుంటే ఏడుస్తూ అదే మాట. బాయి అంటే మా వైపు బావి. మా ఊరి బావిలో అంతకు ఏడాది ముందు ఒకామె నీళ్ళు తోడుతూ జారిపడి చనిపోయింది. ఆమెను పైకి తీసినప్పుడు చూడొద్దని అమ్మ నా కళ్ళు మూసింది గానీ, వేళ్ళ సందుల్లోంచి నేను చూశాను.

అవ్వను విత్తనాల గదిలో పడుకోబెట్టారు. అమ్మా నాయనా చేనికి పోయాక అంబలి పట్టించే పని నాది. ఆ గదికి కిటికీ లేదు. గడపలో నిలబడితే అవ్వ కళ్ళు మాత్రమే కనిపించేవి. అవి నావైపు తిరిగేవి. ఎడమ చెయ్యి చాచి, "బాయి" అని మెల్లగా అనేది. నన్ను బావిలోకి పిలుస్తున్నట్టే ఉండేది. నేను గిన్నెను గడప లోపల పెట్టి, చీపురు కట్టతో ముందుకు నెట్టి పారిపోయేదాన్ని. అవ్వ చెయ్యి దాకా గిన్నె పోయేది కాదని నాకు తెలుసు. రెండు రోజులు అట్లాగే చేశాను.

అంబలి చీమలు పట్టి ఉండటం అమ్మ చూసింది. ఎందుకు తాపలేదని నాయన ఎదుట నిలబెట్టి అడిగింది. దెబ్బలు తప్పించుకోవడానికి అన్నానో, నిజంగా నమ్మే అన్నానో ఇప్పటికీ తేల్చుకోలేను.

"అవ్వలో బాయిలో పడిన యమ్మ ఉండాది. నన్ను రమ్మని పిలుస్తాండాది."

తింటున్న నాయన చేతిలోని ముద్దను కంచంలో పెట్టేశాడు. అందరి మనసులోనూ ఆ అనుమానం ఉంది కాబోలు. చిన్నపిల్ల నోట రావడంతో అది నిజమై కూర్చుంది. రెండు ఊళ్ళ అవతల దయ్యాలు దించే మనిషి ఉండేవాడు. పసుపుకొమ్ము ఎర్రగా కాల్చి నుదుటి మీద వాత పెట్టేవాడు. మా వీధిలోనే ఒకామెకు రెండు కనుబొమల నడుమ ఆ మచ్చ ఉండేది. వాత పడిన నాటి నుంచి ఆమె ఎవరి ముఖమూ చూసి మాట్లాడలేదు.

"రేప్పొద్దున్నే బండి కడతా," అన్నాడు నాయన. కోపంగా అనలేదు. అవ్వ గది వైపు చూడకుండా అన్నాడు. నా భయం అప్పుడు రెండింతలైంది. లోపల ఉన్నది దయ్యమైతే ఒక భయం, కాకపోతే నా మాట వల్లే అవ్వకు వాత పడుతుందని అంతకన్నా పెద్ద భయం.

పక్కింటి అక్క మడకశిర వైపు నుంచి కోడలిగా వచ్చింది. తెలుగులో కన్నడం కలిపి మాట్లాడుతుందని వీధిలో ఎగతాళి చేసేవాళ్ళు. ఎవరికీ చెప్పలేనిది ఆమెకు చెప్పాను, గిన్నె నెట్టిన సంగతితో సహా. తిడుతుందనుకున్నాను. "సుమ్మనుండు, ఏడవద్దు," అని కొంగుతో నా ముక్కు తుడిచింది. అవ్వ రోజూ రాగులు విసిరేటప్పుడు ఏం పాట పాడేదని మాత్రం అడిగింది. పాడి చూపించాను. ఒక్కో ఇంటి ఆడవాళ్ళు ఆ పాటలో తమ వాళ్ళను చేర్చుకునేవాళ్ళు. భయంతో అవన్నీ వదిలేసి, ఊరందరూ పాడే తీరునే పాడాను.

పొద్దు వాలే వేళకు అక్క చేటలో రాగులు పోసుకుని మా ఇంటికి వచ్చింది.

"మా రాయి అరిగిపోయిందత్తా. మీ రాయి మింద రెండు శేర్లు ఇసురుకుంటా," అంది అమ్మతో.

"ఇంట్లో ఇట్లుంటే నీకు రాగులు గుర్తొచ్చినాయా తల్లీ?" అని అమ్మ విసుక్కుంది. అక్క వినిపించుకోలేదు. విత్తనాల గది గూట్లో దీపం పెట్టి, విసుర్రాయిని అవ్వ మంచం పక్కకు లాక్కుంది. అవ్వను మంచం మీంచి దించి, గోడకు ఆనించి కూర్చోబెట్టి, ఎడమ చేతిని పిడి మీద పెట్టి, దాని మీద తన చెయ్యి వేసింది. రాయి తిరగడం మొదలైంది. నేను గడప ఇవతల నిలబడి చూస్తున్నాను. నా పక్కన నాయన, బండి చక్రానికి పూయడానికి తెచ్చిన ఆముదం గిన్నెతో.

"తిరగవే రాయమ్మ తిరగవే, రాగిపిండి రాలంగ తిరగవే," అని అక్క పాడింది. రెండుసార్లు, మూడుసార్లు అదే. నాలుగోసారి "చేను దున్ని ఇంటికి..." అని చటుక్కున ఆపేసింది. రాయి మాత్రం ఆపలేదు. అవ్వ పెదవులు కదలడం చూసి నేను నాయన పంచె పట్టుకున్నాను. ఇప్పుడు ఆ మాటే వస్తుందని నాకు తెలుసు.

"...నా బెల్లం దొంగ వస్తాండాడు," అని పాడింది అవ్వ.

గొంతు గీరుకుపోయి ఉంది గానీ మాటలు స్పష్టంగా ఉన్నాయి. ఆ చోట ఊళ్ళో అందరూ "నా కొడుకు" అని పాడతారు. నాయన చిన్నప్పుడు ఉట్టి మీది బెల్లం దొంగిలించి పట్టుబడ్డాడట. అప్పటి నుంచి అవ్వ ఒక్కతే అట్లా పాడేది. ఆ మాట నేను అక్కకు చెప్పలేదు. బావిలో పోయిన ఆమెకు తెలిసే దారే లేదు. నాయన గిన్నె కింద పెట్టి, గడప దాటి, అవ్వ కాళ్ళ దగ్గర కూలబడ్డాడు.

"నేనేమ్మా దొంగను, నేనే," అన్నాడు.

"బాయి," అంది అవ్వ, ఆయన తల నిమురుతూ. ఈసారి ఎవరూ వెనక్కి జరగలేదు.

తమ తాతకూ ఇట్లాగే అయిందని, మాట పోయినా భజన పోలేదని అక్క తర్వాత చెప్పింది. ఎందుకట్లా అంటే ఆమెకూ తెలియదు. నాకు తెలిసింది పోయిన ఏడాదే, హిందూపురం ఆస్పత్రిలో. మా వదినకు మూతి వంకర పోగానే, పసరు మాట ఎత్తకుండా అక్కడికి తీసుకుపోయాము. ఎక్కువమందికి మాట పుట్టే చోటు మెదడులో ఎడమవైపు ఉంటుందని, అక్కడికి నెత్తురు అందకపోతే మాట ఆగిపోతుందని డాక్టరమ్మ చెప్పింది. పాటకు కుడివైపు కూడా దారి ఉంటుందట. అందుకే మాట్లాడలేని వాళ్ళు కొందరు పాడగలరని, విడవకుండా పాడిస్తే కొందరికి కొన్ని మాటలు తిరిగి వస్తాయని, అందరికీ రావని కూడా చెప్పింది. మా అవ్వకు ఓ ఇరవై మాటలు వచ్చాయి. నాలుగేళ్ళు బతికింది. నీళ్ళు కావాలా అని మేము రాగం తీసి అడిగేవాళ్ళం, ఆమె రాగం తీసి చెప్పేది.

ఎవరి నోటి నుంచైనా మాట రాకపోతే ఆ ఖాళీలో నా భయాన్ని నింపకూడదు, అవతలి మనిషి నింపేదాకా కాచుకోవాలి. ఆ రోజు నుంచి నా దగ్గర ఉన్నది ఇంతే. కానీ భయం ఆ ఒక్క రోజుతో పోయిందని రాస్తే అబద్ధమవుతుంది.

మర్నాడు పొద్దున నాయన బండి కట్టలేదు. ఎద్దులను తోలుకుని చేనికి పోయాడు, అమ్మ వెనకే పోయింది. ఇంట్లో అవ్వా నేనూ మిగిలాము. నేను గదిలోకి పోయి రాయికి ఇటువైపు కూర్చున్నాను. అమ్మ గోడకు ఆనించి కూర్చోబెట్టి పోయిన అవ్వ ఎడమ చేతిని ముట్టుకున్నాను. అది చల్లగా ఉంది. పిడి మీద పెట్టి, నా చెయ్యి దాని మీద వేసి తిప్పాను. నా గొంతు నాకే వినిపించనంత మెల్లగా పాట ఎత్తుకున్నాను. సగంలో ఆపాను. అవ్వ కళ్ళు చీకట్లో నావైపు తిరిగాయి. లేచి పరుగెత్తాలనిపించింది. రాయి తిప్పుతూనే కూర్చున్నాను.