సరిపడా మెమరీ లేదు

మా సార్ పోయారు. ఆదివారం పొద్దున్నే ఆయన భార్య, మా ఆంటీ, ఫోన్ చేసి చెప్పారు. వెంటనే ఇంకో మాట కూడా అన్నారు. "పెద్దకర్మ కార్డు నువ్వే చెయ్యాలమ్మా. ఇంకెవరు చేసినా ఆయనకి నచ్చదు." పోయిన మనిషికి నచ్చడమేమిటని నాకు అనిపించలేదు. నిజంగానే నచ్చదు.

పంజాగుట్టలో మెయిన్ రోడ్డు వెనక సందులో, మెట్ల కింద గదిలో మా సార్ డీటీపీ షాపు. పెళ్లి కార్డులు, గృహప్రవేశం కార్డులు, కాలనీ సంఘాల సావనీర్లు అక్కడ తయారయ్యేవి. నేను మధురానగర్ హాస్టల్లో ఉంటూ అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోర్సుకు వెళ్లేదాన్ని. అది బుర్రకెక్కక, ఎవరో చెబితే ఆ షాపులో చేరాను. తెలుగు టైపింగు నాకు ఆయనే నేర్పారు. "వొత్తు కింద ఉంటుందని చిన్నచూపు చూడకమ్మా. ఒక్క వొత్తు జారితే పెళ్లికొడుకు మారిపోతాడు" అనేవారు. ప్రూఫు ఎప్పుడూ నిలబడే చదివేవారు, అదీ చివరి మాట నుంచి మొదటి మాటకు. ఎందుకలా అని అడిగితే, "ముందు నుంచి చదివితే మనసే చదివేస్తుంది, కళ్లు చదవవు" అన్నారు. ఇప్పటికీ నేను అలాగే చదువుతాను.

నాలుగింటికి వన్ బై టూ చాయ్ తెప్పించేవారు. హోటల్ అబ్బాయి రెండు కప్పుల్లో ఎప్పుడూ సమానంగా పోసేవాడు కాదు. ఎక్కువున్న కప్పు సార్ నా వైపు జరిపేవారు. పిల్లలు లేని ఆ ఇద్దరూ నన్ను ఎంత బాగా చూసుకున్నారో రాయకపోతే ఈ స్మృతి అబద్ధమవుతుంది. ఆయన పోయాక తెలిసింది రాయకపోయినా అబద్ధమే.

కొన్నేళ్లకు నాకు సొంత షాపు పెట్టుకోవాలనిపించింది. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల వెనక ఒక గది దొరికింది. బోర్డు రాయించాను. సారే వచ్చి కొబ్బరికాయ కొట్టారు. కొత్త కంప్యూటర్లో మేం వాడే, పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ ఎక్కించి తెరిస్తే, ఇంగ్లిషులో ఒక చిన్న డబ్బా వచ్చింది: సరిపడా మెమరీ లేదు. సార్ కంప్యూటర్‌లో కంటే నా దాంట్లో ఎన్నో రెట్లు ఎక్కువ మెమరీ ఉంది. మరి లేదంటుందేమిటని సార్‌ను అడిగాను.

సార్ నిదానంగా వివరించారు. "అది రాసిన రోజుల్లో ఇంత మెమరీ వస్తుందని ఎవరూ అనుకోలేదమ్మా. ఎంత ఉందని అది అడుగుతుంది. కొత్త సిస్టమ్ పెద్ద అంకె చెబుతుంది. అంత అంకె దాని లెక్కలో పట్టదు. పట్టక, ఏమీ లేదనుకుంటుంది."

"దారి లేదా సార్?"

"లేదమ్మా. పాత మెషిన్‌లోనే నడుస్తుంది. నాది ఉన్నన్నాళ్లే."

కొత్త సాఫ్ట్‌వేర్‌తో ప్రయత్నించాను. కస్టమర్లు తెచ్చే పాత ఫైళ్లు అందులో తెరిస్తే అక్షరాలన్నీ పిచ్చిగీతలయ్యేవి. తీసుకున్న పని ఒక్కటీ సమయానికి ఇవ్వలేకపోయాను. అమీర్‌పేటలో ఉండి, అడుగడుగునా కంప్యూటర్లు నేర్పేవాళ్లుండి, నేను ఇంకెవరినీ అడగలేదు. మా సార్ లేదన్నాక మరొకరిని అడగడమంటే ఆయన్ని నమ్మకపోవడమే కదా అనుకున్నాను. గది ఖాళీ చేసి పంజాగుట్టకు తిరిగి వెళ్లిన రోజు, "నీ కుర్చీ నీకే ఉందిలే" అన్నారు సార్. ఎంత మంచి మనిషి అనుకుని కళ్లనీళ్లతో దండం పెట్టాను.

ఆంటీ ఫోన్ చేసిన మర్నాడు, సోమవారం, కార్డు చేద్దామని వెళితే షాపులో కంప్యూటర్ ఆన్ కాలేదు. సార్‌కు ఎప్పుడూ రిపేర్లు చేసే భాయ్ సనత్‌నగర్ నుంచి వచ్చి డబ్బా విప్పాడు.

"పవర్ సప్లై పోయింది అక్కా, గంతే."

"ఇంత పాతదానికి సామాను దొరుకుతదా?"

అతను నవ్వాడు. "పాతదేంది అక్కా! డబ్బా ఒక్కటే పాతది. లోపల బోర్డు, మెమరీ అన్నీ కొత్తయి. నేనే ఏసిన."

"మరి సాఫ్ట్‌వేర్ ఎట్ల నడుస్తుంది?"

"సెట్టింగ్‌ల ఒక్క లైన్ రాసినం. గింతే మెమరీ ఉన్నదని దానికి జర అబద్ధం చెప్పాలె. నమ్ముతది, మంచిగ నడుస్తది."

"ఎప్పుడు?"

"మస్తు దినాలైంది. అమీర్‌పేట్‌ల నీ బోర్డు ఇంకా ఉండె. నీ దాంట్ల సుత రాద్దామన్న. 'అమ్మాయికి నేను చెప్తాలే' అన్నడు సార్. చెప్పలేదా?"

"చెప్పిండ్రు" అన్నాను.

అతని ముందు ఆయన్ని తక్కువ చేయడానికి నాకు నోరు రాలేదు. అతను కొత్త పవర్ సప్లై బిగించి వెళ్లాక మాత్రం ఆ కుర్చీలో కూర్చోలేకపోయాను. తక్కువే ఉందని చెబితే ఆ సాఫ్ట్‌వేర్ నమ్మింది. నేనూ నమ్మాను.

ఎందుకు చేశారో ఊహించగలను. అప్పటికే ఆయన కళ్లు సన్న అక్షరాల దగ్గర తడబడుతున్నాయి. నేను లేకపోతే షాపు మూసుకోవలసిందే. అదంతా అర్థమవుతుంది, కోపం మాత్రం పోవడం లేదు. ఉండమ్మా అని ఒక్క మాట అడిగి ఉంటే ఉండేదాన్ని. నా షాపు నేను నడుపుకుంటూ సాయంత్రాలు వచ్చి ఆయన పని చేసిపెట్టేదాన్ని. అమీర్‌పేట నుంచి పంజాగుట్ట మెట్రోలో ఒక్క స్టేషనే. అడగకుండా, దారి తెలిసీ దాచి, తిరిగొచ్చినప్పుడు నా చేత దండం పెట్టించుకున్నారు. పోట్లాడదామంటే మనిషి లేడు.

కార్డు చేశాను. ఫొటో చుట్టూ సన్నటి గీత, ఆయనకు ఇష్టమైన గుండ్రటి అక్షరాలు. ఒక్క తప్పు పోనివ్వలేదు. పేర్ల దగ్గరకు వచ్చేసరికి ఆంటీ ఫోన్ చేశారు. "నా పేరు కింద నీ పేరు కూడా వెయ్యమ్మా, కూతురని. మా అమ్మాయి, మా అమ్మాయి అనేవారు కదా నిన్ను."

టైపు చేశాను. చాలాసేపు చూశాను. తీసేశాను. తీసేశాక ఆ లైను మూసేసి, కింది అడ్రసు పైకి జరపాలి. దానికి చెయ్యి రాలేదు. ఫైలు అలాగే ప్రెస్సుకు పంపాను.

ప్రెస్సతను ఫోన్ చేశాడు. "అక్కా, అమ్మ పేరు కింద జాగా ఖాళీగున్నది. పేరు మిస్సయిందా?"

"లేదు. గట్లనే కొట్టు."

నిన్న కార్డులు వచ్చాయి. ఇద్దరం కింద కూర్చుని కవర్లలో పెడుతున్నాం. ఆంటీ ఒకటి తీసి కళ్లజోడు సర్దుకుని చదివారు. తన పేరు కింద తెల్లటి చోటు మీద వేలు ఆనించి, నా వైపు చూశారు. నేను తలెత్తకుండా కవర్లు అంటిస్తూ ఉండిపోయాను.